డిఫరా, డిస్ట్రక్టరా? ముందు తప్పు జరిగే దారి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీరిద్దరూ కలిసి గార్బేజ్ కలెక్టర్ (వాడని మెమరీని తనంతట తానే ఏరివేసే ఏర్పాటు) లేని ఒక చిన్న సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ భాష తయారు చేస్తున్నారు. ఫైళ్లు, లాకులు, మెమరీ లాంటివి పని అయ్యాక వదిలేయడానికి గో, జిగ్ భాషల్లో ఉన్నట్టు డిఫర్ (బయటికి వెళ్లేటప్పుడు ఈ పని చేయమని ముందే రాసిపెట్టే వరుస) చాలని మీరంటున్నారు. సీ ప్లస్ ప్లస్, రస్ట్‌లలో ఉన్నట్టు డిస్ట్రక్టర్ (విలువ కాలం తీరగానే దానంతట అదే నడిచే కోడ్) ఉండాల్సిందేనని మీ సహచరుడు అంటున్నారు. ఎర్రర్లను ఎలా అందించాలి, పూర్ణాంకం పరిధి దాటితే (ఓవర్‌ఫ్లో) ఏం జరగాలి అన్న రెండు విషయాలు తర్వాత చూసుకుందామని పక్కన పెట్టారు. మూడు వారాలైనా వాదన తెగలేదు.

ఈ పద్ధతిలో తెగదు కూడా. ఎందుకంటే పక్కన పెట్టిన ఆ రెండూ తేలకుండా మొదటిది తేలదు. డిఫర్, ఎర్రర్, ఓవర్‌ఫ్లో మూడూ పైకి వేరు వేరు ఫీచర్లలా కనిపిస్తాయి గానీ అడిగేది ఒకటే: పని అనుకున్నట్టు జరగనప్పుడు కంట్రోల్ ఎటు పోతుంది, పోయే దారిలో ఎవరు ఏం సర్దుతారు, ఆ సంగతి కోడ్ చదివే మనిషికి పేజీ మీద కనిపిస్తుందా? అంతా సజావుగా నడిచే ప్రోగ్రామ్ ఏ భాషలో రాసినా బాగానే ఉంటుంది. మీ ఇద్దరి ఉదాహరణలు చూశాను, అన్నీ సజావుగా నడిచేవే. అందుకే ఇద్దరిదీ సరైనదే అనిపిస్తోంది.

నేను చాలా ఏళ్లుగా స్టోరేజ్ సాఫ్ట్‌వేర్ మీదా, మధ్యలో కొంతకాలం కంపైలర్ల మీదా పని చేశాను. నా అభిప్రాయం ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే ఒక సంఘటన కాస్త వివరంగా చెప్పాలి. మా దగ్గర పాత లాగ్ ఫైళ్లను కుదించే ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. పాత ఫైల్ చదువుతుంది, అవసరమైన రికార్డులు మాత్రమే కొత్త ఫైల్‌లో రాస్తుంది, అంతా అయ్యాక పాతదాన్ని తుడిచేస్తుంది. కొత్త ఫైల్‌కు రాసేది బఫర్ ఉన్న రైటర్. అంటే రాసిన ప్రతి ముక్కా వెంటనే డిస్క్‌కు పోదు, కొంత పోగయ్యాక ఒకేసారి పోతుంది. చివర్లో మిగిలిన ముక్కను పంపే పని ఆ రైటర్ డిస్ట్రక్టర్‌ది. బ్లాక్ ముగింపు బ్రాకెట్ దగ్గర అది దానంతట అదే జరిగిపోతుంది. ఒక రాత్రి సరిగ్గా ఆ చివరి ముక్క దగ్గర డిస్క్ నిండిపోయింది. రాయడం విఫలమైంది. డిస్ట్రక్టర్‌కు ఆ సంగతి ఎవరికీ చెప్పే దారి లేదు, మింగేసింది. తర్వాతి వరుసలో ప్రోగ్రామ్ పాత ఫైల్‌ను తుడిచేసింది. విజయవంతం అని లాగ్‌లో రాసింది.

ఆ కోడ్‌ను ముగ్గురం రివ్యూ చేశాం. ముగ్గురం అనుభవం ఉన్నవాళ్లమే. అందులో తప్పు వరుస ఏదని వెతికితే దొరకదు, ఎందుకంటే తప్పు జరిగింది ఏ వరుస మీదా కాదు, ఒక ముగింపు బ్రాకెట్ మీద.

దీన్ని బట్టి డిస్ట్రక్టర్లు చెడ్డవని మాత్రం అనుకోకండి. మెమరీ తిరిగి ఇవ్వడం, లాక్ తీయడం లాంటి పనులు మామూలుగా విఫలం కావు. అలాంటివాటికి డిస్ట్రక్టర్ కంటే మంచి పరికరం నేను చూడలేదు. చిక్కల్లా విఫలం కాగల పనిని అందులో పెట్టినప్పుడే. డిస్ట్రక్టర్‌ను ఎవరూ పిలవరు, కాబట్టి దాని జవాబు అందుకునేవాళ్లూ ఉండరు. సీ ప్లస్ ప్లస్‌లో 2011 ప్రమాణం నుంచి డిస్ట్రక్టర్లు ఎక్సెప్షన్ (మామూలు దారి వదిలి పైకి ఎగిరిపోయే ఎర్రర్) విసరవు అన్నది డిఫాల్ట్ లెక్క, విసిరితే ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోతుంది. రస్ట్‌లో ఫైల్ విలువ స్కోప్ (అది చెల్లే బ్లాక్) దాటినప్పుడు, మూయడంలో వచ్చే ఎర్రర్లు పట్టించుకోబడవు. అక్కడి బఫర్ రైటర్ అయిన బఫ్‌రైటర్ డాక్యుమెంటేషన్ కూడా, డ్రాప్ (డిస్ట్రక్టర్ నడిచే) సమయంలో వచ్చే ఎర్రర్లు కనిపించవు, ముందే ఫ్లష్ (మిగిలిన ముక్కను పంపే ఫంక్షన్) పిలవండి అని చెబుతుంది. ఆ మాట డాక్యుమెంటేషన్‌లో ఉంది, టైపులో లేదు. మర్చిపోతే కంపైలర్ ఏమీ అనదు.

సరే, మీ డిఫర్ సంగతి. దాని బలం నాకూ ఇష్టమే: ఏం జరగబోతోందో రాసి ఉంటుంది, తెరిచిన వరుస కిందే మూసే వరుస కళ్ల ముందు ఉంటుంది. కానీ రెండు విషయాలు గమనించండి. ఒకటి, ఎప్పుడు నడుస్తుంది? గోలో డిఫర్ ఫంక్షన్ ముగిశాకే నడుస్తుంది. లూప్‌లో పదివేల ఫైళ్లు ఒక్కొక్కటిగా తెరిచి, ప్రతిదానికీ లోపలే డిఫర్ రాస్తే, లూప్ అయ్యేదాకా ఒక్కటీ మూసుకోదు. ఈలోపు ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే ఫైల్ డిస్క్రిప్టర్లు (తెరిచిన ఫైళ్లకు ఇచ్చే నంబర్లు) అయిపోతాయి. జిగ్‌లో అది బ్లాక్ ముగింపులోనే నడుస్తుంది కాబట్టి ఈ చిక్కు లేదు. మీరు డిఫర్ పెట్టేటట్టయితే బ్లాక్‌కే కట్టండి, ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. ఎర్రర్‌తో బయటికి వెళ్లేటప్పుడు మాత్రమే నడిచే ఎర్‌డిఫర్ అని జిగ్‌లో ఇంకొకటి ఉంది. సగం నిర్మించిన వస్తువును వెనక్కి విప్పాల్సిన చోట అది ఎంత హాయిగా ఉంటుందో వాడితేనే తెలుస్తుంది.

రెండోది లోతైనది. డిఫర్ విలువతో పాటు ప్రయాణం చేయదు. ఒక ఫంక్షన్ ఫైల్ తెరిచి, దాన్ని ఒక స్ట్రక్చర్‌లో పెట్టి రిటర్న్ చేసిందనుకోండి. ఇప్పుడు మూసే బాధ్యత పిలిచినవాళ్లది. ఆ స్ట్రక్చర్‌ను ఇంకొక పెద్ద స్ట్రక్చర్‌లో పెడితే, దాన్ని పిలిచినవాళ్లది. ఒక్కో మెట్టు దగ్గరా ఒక మనిషి గుర్తుపెట్టుకోవాలి. నిన్నటిదాకా మూయాల్సింది ఏమీ లేని స్ట్రక్చర్‌లో ఇవాళ ఎవరో ఒక సాకెట్ చేర్చారంటే, దాన్ని వాడే వంద చోట్లా డిఫర్ రాయాలి. రాయకపోయినా కంపైల్ అవుతుంది. డిస్ట్రక్టర్ ఉన్న భాషలో ఆ వంద చోట్లనూ ముట్టుకోనక్కర్లేదు. మీ సహచరుడి వాదనలో అసలైన బలం ఇదే, ఆయన ఆ మాట చెప్పకుండా, రాయాల్సిన కోడ్ తగ్గుతుందన్నదే చెబుతున్నారు.

అయితే ఆయనకు కూడా ఒక మాట. డిస్ట్రక్టర్ ఒక్కటే తెచ్చుకోవడం కుదరదు, దానితో పాటు మూవ్ (విలువను కాపీ చేయకుండా ఓనర్‌ను మార్చడం) కూడా రావాలి. విలువను కాపీ చేస్తే ఇద్దరు ఓనర్లు అవుతారు, ఇద్దరూ వదిలేస్తారు, అదే మెమరీ రెండుసార్లు ఫ్రీ అవుతుంది. సీ ప్లస్ ప్లస్ చరిత్రలో దీనికి మంచి సాక్ష్యం ఆటో పీటీఆర్ అనే పాయింటర్ (మెమరీ అడ్రస్ పట్టుకునే విలువ). డిస్ట్రక్టర్లు ఉన్నాయి, మూవ్ లేదు. కాబట్టి ఆ పాయింటర్‌ను కాపీ చేస్తే పాతది ఖాళీ అయిపోయేలా చేశారు. కాపీ అని రాసి ఉంటుంది, జరిగేది లాక్కోవడం. దాన్ని కంటైనర్లలో పెట్టడానికి వీల్లేకపోయింది. 2011లో మూవ్ భాషలోకి వచ్చాక ఆటో పీటీఆర్‌ను వాడొద్దన్నారు, 2017 ప్రమాణంలో పూర్తిగా తీసేశారు. అంటే డిస్ట్రక్టర్‌కు ఓటేస్తే మూవ్‌కూ ఓటేసినట్టే. మూవ్ అయిన విలువను మళ్లీ ముట్టుకుంటే కంపైలర్ ఆపాలా వద్దా అన్నది కూడా అప్పుడే తేల్చాలి. రస్ట్ ఆపుతుంది. సీ ప్లస్ ప్లస్ ఆపదు.

ఇంకో చిన్న ఉదాహరణ, ఎందుకంటే ఇలాంటివి డిజైన్ చేసేటప్పుడు తట్టవు. రస్ట్‌లో ఇఫ్ లెట్ (విలువ ఒక రూపంలో ఉందా అని చూసే ఇఫ్) షరతులోనే ఒక మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరికే దక్కే) లాక్ తీసుకుని లోపల ఏదైనా ఉందా అని చూస్తాం, లేకపోతే ఎల్స్ భాగంలో మళ్లీ అదే లాక్ తీసుకుని కొత్తది పెడతాం. చూడ్డానికి ఏ తప్పూ లేదు. కానీ షరతులో పుట్టిన తాత్కాలిక లాక్ గార్డ్ (లాక్‌ను పట్టుకుని, తను పోగానే వదిలే విలువ) ఎల్స్ ముగిసేదాకా బతికే ఉండేది. దాంతో ఎల్స్‌లో రెండోసారి లాక్ అడగ్గానే థ్రెడ్ (ఏకకాలంలో నడిచే పనుల్లో ఒకటి) తనకోసం తానే ఎదురుచూస్తూ నిలిచిపోయేది. 2024 ఎడిషన్‌లో (పాత కోడ్ చెడకుండా నియమాలు మార్చే విడత) ఈ నియమం మార్చారు, ఇప్పుడు ఎల్స్‌లోకి వెళ్లేలోపే ఆ తాత్కాలిక విలువ పోతుంది. రస్ట్ 1.0 వచ్చింది 2015 మేలో. ఇంత జాగ్రత్తగా రూపొందించిన భాషలో, కనిపించని విడుదల ఎప్పుడు జరగాలన్న ఒక్క ముక్కను సరిదిద్దడానికి దాదాపు పదేళ్లు పట్టింది, అది కూడా ఎడిషన్ అనే ఏర్పాటు ముందే ఉంది కాబట్టి.

ఇక నేనైతే ఏం చేస్తానంటారా? చిన్న భాష, కొత్త భాష, పాత కోడ్ భారం లేదు. విలువలను రెండు రకాలుగా విడదీస్తాను. విడుదల విఫలం కాని వాటికి డిస్ట్రక్టర్ లాంటిది, అందులో ఏ ఎర్రర్ పుట్టే పనీ రాయడానికి కంపైలర్ ఒప్పుకోదు. విడుదల విఫలం కాగలిగినవాటికి, అంటే రాసే ఫైళ్లు, ట్రాన్సాక్షన్లు, నెట్‌వర్క్ కనెక్షన్లకు, తప్పనిసరిగా వాడి ముగించాల్సిన టైపు. వాటిని ప్రతి దారిలోనూ ఎవరో ఒకరు స్పష్టంగా మూయాలి, లేదా ఇంకొకరికి అప్పగించాలి. ఏ ఒక్క దారిలో మర్చిపోయినా కంపైల్ కాకూడదు. మూసే ఫంక్షన్ ఆ విలువను తీసేసుకుని, ఎర్రర్‌ను తిరిగి ఇస్తుంది. సిద్ధాంతంలో వీటిని లీనియర్ టైపులంటారు. రస్ట్‌వి అఫైన్: విలువను గరిష్ఠంగా ఒకసారి వాడొచ్చు, అసలు వాడకుండా వదిలేసినా పర్వాలేదు. లీనియర్ అంటే కచ్చితంగా ఒకసారి. ఆస్ట్రల్ అనే భాష ఈ దారిలోనే నడిచింది, దాన్ని ఒకసారి చదవండి. ఇలా చేస్తే మీ డిఫర్‌కు కూడా చోటుంటుంది: అది మూసే పిలుపును పైనే రాసుకునే సౌకర్యం మాత్రమే, మర్చిపోయారా లేదా చూసేది కంపైలర్. మా లాగ్ ప్రోగ్రామ్ ఈ భాషలో రాసి ఉంటే, రైటర్‌ను మూయలేదని కంపైలర్ ఆపేది. మూస్తే ఎర్రర్ చేతికొచ్చేది. అది చేతిలో ఉండగా పాత ఫైల్ తుడవడానికి ఎవరికీ చేయి రాదు.

దీనికి ఖర్చు ఉంది. ఇలాంటి టైపులను జెనెరిక్ కంటైనర్లలో (ఏ టైపునైనా పట్టే జాబితాల్లాంటివి) పెడితే కష్టం. వెక్టర్‌లోని వెయ్యి ఫైళ్లను మూస్తుంటే మూడోది విఫలమైతే మిగతావాటి సంగతేంటి? లైబ్రరీ రాసేవాళ్లు ప్రతి చోటా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. కానీ ఆ ప్రశ్న ఇప్పుడూ ఉంది, ఇప్పటి భాషల్లో దాన్ని అడగడం లేదంతే.

ఇక్కడే ఎర్రర్లు వచ్చి చేరతాయి. ఎక్సెప్షన్లు ఎంచుకుంటే ప్రతి ఫంక్షన్ పిలుపూ బయటికి పోయే తలుపే. అప్పుడు డిస్ట్రక్టర్ లేకపోతే బతకలేరు, డిఫర్‌తో నెట్టుకురావడం చాలా కష్టం. ఎర్రర్లను విలువలుగా తిరిగి ఇస్తే, బయటికి పోయే తలుపులు పేజీ మీద కనిపిస్తాయి, అప్పుడు డిఫర్ కూడా సరిపోతుంది. మీ ఇద్దరి వాదన అసలు ఇక్కడ తేలాల్సింది. సిస్టమ్స్ కోడ్‌కు నేను విలువల వైపే ఉంటాను. చాలా సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టులు ఎక్సెప్షన్లను ఫ్లాగ్‌తో పూర్తిగా ఆపేసి కంపైల్ చేసుకుంటాయి. ఒక భాషను వాడేవాళ్లు రెండు జట్లుగా విడిపోతే లైబ్రరీలూ రెండుగా చీలిపోతాయి.

విలువలంటే గో పద్ధతిని యథాతథంగా తెచ్చుకోమని కాదు. గోలో ఫంక్షన్ ఫలితాన్నీ ఎర్రర్‌నూ జంటగా ఇస్తుంది. జంట అంటే నాలుగు అవకాశాలు: ఫలితం ఉండొచ్చు, ఎర్రర్ ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు, ఏదీ లేకపోవచ్చు. అర్థం ఉన్నవి సాధారణంగా రెండే. మిగతా రెండింటినీ మనుషుల క్రమశిక్షణకు వదిలేశారు. ఇదో అదో ఒకటే ఉంటుందని చెప్పగల సమ్ టైపు మీ భాషలో మొదటి రోజే ఉండాలి, తర్వాత చేర్చితే అప్పటికే రాసిన లైబ్రరీలన్నీ జంటల మీద నిలబడి ఉంటాయి. ఎర్రర్‌ను పైకి పంపే రాత కూడా చిన్నదిగా ఉండాలి. రస్ట్‌లో మొదట ట్రై మాక్రో ఉండేది, 2016 నవంబర్‌లో 1.13తో ? గుర్తు వచ్చింది. ఒక్క అక్షరమే, అయినా కంటికి ఆనుతుంది. ఇక్కడినుంచి బయటికి పోవచ్చు అని చదివేవాళ్లకు చెబుతుంది. గోలో 2019లో ఇలాంటి ట్రై ప్రతిపాదన పెద్ద చర్చ తర్వాత వెనక్కి పోయింది, 2025 జూన్‌లో ఎర్రర్ల కోసం భాష రాతలో మార్పులు తెచ్చే ప్రయత్నం ఇక ఆపేస్తున్నామని ఆ బృందం ప్రకటించింది. వాళ్ల ఆలోచన తప్పని నేననను. ఒక అలవాటు లక్షల మంది చేతుల్లో స్థిరపడ్డాక, దాన్ని మార్చేంత మంచి కారణం దొరకడం కష్టం. మీకు ఆ భారం ఇంకా లేదు.

ఎర్రర్లు విలువలైనా, అసలు జరగకూడనిది జరిగితే ఏంటి? అర్రే హద్దు దాటిన ఇండెక్స్, తప్పిన అసర్షన్ (ఇది నిజమే అయి ఉండాలనే పరీక్ష) లాంటివి. రస్ట్‌లో పానిక్ (ఇక ముందుకు సాగలేనన్న ఆపు) వస్తుంది. మామూలుగా అది స్టాక్‌ను (పిలిచిన ఫంక్షన్ల దొంతర) ఒక్కో మెట్టూ విప్పుకుంటూ పోతుంది, కావాలంటే వెంటనే ఆగిపోయేలా కూడా బిల్డ్ చేసుకోవచ్చు. విప్పుకుంటూ పోయే పద్ధతి తెచ్చుకుంటే, ముందు గుమ్మంలోంచి పంపేసిన ఎక్సెప్షన్లు పెరటి గుమ్మంలోంచి మళ్లీ వచ్చినట్టే. ఏ పిలుపులోనైనా కంట్రోల్ ఎగిరిపోవచ్చు. సగం మార్చిన డేటా లాక్ వెనక మిగిలిపోవచ్చు. అందుకే రస్ట్ ప్రామాణిక మ్యూటెక్స్‌లో పాయిజనింగ్ (ఆ డేటా పాడై ఉండొచ్చని గుర్తు పెట్టడం) అనే ఏర్పాటు పెట్టాల్సి వచ్చింది. పైన చెప్పిన లీనియర్ టైపులకు కూడా ఇది గొడ్డలిపెట్టు: విప్పే దారిలో ఆ విలువను ఎవరు మూస్తారు? మీ భాషలో పానిక్ అంటే ప్రాసెస్ ఆగిపోవడమే అని పెట్టుకోండి. సర్వర్లు రాసేవాళ్లు ఒక్క రిక్వెస్ట్ కోసం అంతా పడిపోవాలా అని అడుగుతారు, అది న్యాయమైన అడుగు. వాళ్లకు పనిని వేరే ప్రాసెస్‌లుగా విడదీసే సౌకర్యం ఇవ్వండి.

ఓవర్‌ఫ్లో గురించి మీరు వేగం పోతుందేమోనని టెన్షన్ పడుతున్నారు. ముందు సీ ఏం చేసిందో చూడండి. ప్లస్, మైనస్ గుర్తు ఉన్న పూర్ణాంకం పరిధి దాటడం సీలో నిర్వచించని ప్రవర్తన, అంటే అప్పుడేం జరగాలో ప్రమాణం చెప్పదు. ఒకాయన జాగ్రత్తపడి, ఎక్స్‌కు 100 కలిపితే ఎక్స్ కంటే తక్కువ వస్తోందా అని పరీక్ష రాస్తారు. పరిధి దాటడం అనేదే జరగదని కంపైలర్ లెక్క కాబట్టి, ఆ షరతు ఎప్పటికీ నిజం కాదని తేల్చి పరీక్షనే తీసేయగలదు. అంటే జాగ్రత్త కోసం రాసిన వరుసే మాయమవుతుంది. లైనక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ఈ స్వేచ్ఛను కంపైలర్‌కు ఇవ్వకుండా ఫ్లాగ్ పెట్టుకుని బిల్డ్ అవుతుంది. అలాగని చుట్టుకుపోయి మళ్లీ మొదటికి రావడం మంచిదా అంటే, జావాలో అదే నియమం. అయినా ప్రామాణిక లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో, తక్కువ హద్దునూ ఎక్కువ హద్దునూ కలిపి రెండుతో భాగించే ఒక్క వరుసలో బగ్ ఏళ్ల తరబడి దాగి ఉంది. చాలా పెద్ద అర్రేలతో మొత్తం నెగెటివ్‌లోకి వెళ్లేది. 2006లో గానీ అది అందరి దృష్టికీ రాలేదు.

స్విఫ్ట్ డిఫాల్ట్‌గా ఆపేస్తుంది, చుట్టుకోవడం కావాలంటే వేరే గుర్తుతో రాయాలి. జిగ్‌లోనూ చుట్టుకునే కూడికకు, హద్దు దగ్గర ఆగే కూడికకు వేరువేరు గుర్తులున్నాయి. రస్ట్ డీబగ్ బిల్డ్‌లో పానిక్ అవుతుంది, రిలీజ్‌లో డిఫాల్ట్‌గా చుట్టుకుంటుంది. రస్ట్ రాజీ నాకు నచ్చదు. టెస్ట్ చేసిన ప్రోగ్రామ్ ఒకటి, జనం చేతికి వెళ్లేది ఇంకొకటి అవుతుంది. అన్ని బిల్డ్‌లలోనూ ఆపేయండి, హాష్‌లు, క్రిప్టో రాసేవాళ్లకు వేరే గుర్తు ఇవ్వండి, వేగం నిజంగా పోయిన చోట కొలిచి చూపించమనండి.

ఆపేయడంతో పని అయిపోదు అనడానికి ఏరియన్ 5 ఉంది. 1996 జూన్ 4న మొదటి ప్రయోగంలో, సుమారు 40 సెకన్లలోపే రాకెట్ పోయింది. 64 బిట్ల ఫ్లోటింగ్ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేచోట విలువ పట్టలేదు. అడా భాష దాన్ని పట్టుకుంది, ఎక్సెప్షన్ లేపింది. పట్టుకున్నాక ఏం చేయాలన్నదానికి జవాబు, ఆ కంప్యూటర్‌ను ఆపేయడం. బ్యాకప్ కంప్యూటర్‌లోనూ అదే కోడ్, అదీ అప్పటికే అదే కారణంతో ఆగిపోయి ఉంది. పైగా ఆ లెక్క ఏరియన్ 4 నుంచి తెచ్చుకున్నది, రాకెట్ నేల విడిచాక దాని అవసరమే లేదు. భాష తప్పును చూపించగలదు. చూశాక ఏం చేయాలో రాసే చోటు ప్రోగ్రామర్‌కు దగ్గరగా, సులువుగా ఉండాలి. అందుకే ఆపే కూడికతో పాటు, పరిధి దాటితే ఎర్రర్ విలువ ఇచ్చే కూడిక కూడా మొదటినుంచీ ఉంచండి, రాయడానికి భారం కాని రూపంలో.

నల్ (ఏదీ లేదని చెప్పే ఖాళీ పాయింటర్) సంగతి మీరు అడగలేదు గానీ ఒక్క మాట: పెట్టకండి. 1965లో ఆల్గాల్ డబ్ల్యూలో దాన్ని తెచ్చిన కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్, 2009లో తన మాటల్లోనే దాన్ని వంద కోట్ల డాలర్ల తప్పు అన్నారు. పాయింటర్ మీద ఆప్షన్ టైపు (విలువ ఉందో లేదో చెప్పే టైపు) పెడితే మెమరీ ఎక్కువవుతుందేమోనన్న భయం అక్కర్లేదు. సున్నా అడ్రస్‌ను ఖాళీకి గుర్తుగా వాడుకుంటే రెండూ ఒకే సైజు, రస్ట్ అదే చేస్తుంది.

మెమరీ కేటాయింపు విఫలం కావడాన్ని మాత్రం మర్చిపోకండి. 2021లో లైనక్స్ కెర్నల్‌కు రస్ట్ ప్యాచ్‌లు వచ్చినప్పుడు దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగా అభ్యంతరం చెప్పింది దీనికే: మెమరీ దొరకకపోతే పానిక్ అవడం కెర్నల్‌లో కుదరదని. విఫలమైతే ఎర్రర్ ఇచ్చే కేటాయింపులు కెర్నల్ వైపు తయారు చేసుకోవాల్సి వచ్చింది. చివరికి 2022 డిసెంబర్‌లో కెర్నల్ 6.1తో రస్ట్ లోపలికి వచ్చింది. జిగ్ మొదటినుంచీ కేటాయింపు చేసే ఫంక్షన్లకు అల్లోకేటర్‌ను (మెమరీ కేటాయించే భాగం) బయటినుంచి అందిస్తుంది, విఫలం కావడాన్ని మామూలు ఎర్రర్‌గానే చూస్తుంది. మీ భాష చిన్న పరికరాల్లో నడవాలంటున్నారు కాబట్టి ఈ విషయంలో జిగ్‌ను అనుసరించండి.

ఇక ఎలా వాదించుకోవాలన్నది. 2015 ఏప్రిల్‌లో, రస్ట్ 1.0కు కొన్ని వారాల ముందు ఒక విషయం బయటపడింది. స్కోప్డ్ థ్రెడ్ (పిలిచినవాళ్ల స్టాక్‌లోని డేటాను నేరుగా వాడుకునే థ్రెడ్) అనే సౌకర్యం, గార్డ్ డిస్ట్రక్టర్ తప్పకుండా నడుస్తుందన్న నమ్మకం మీద కట్టింది. రిఫరెన్స్ కౌంట్ (ఎందరు వాడుతున్నారన్న లెక్క) ఉన్న పాయింటర్లతో ఒక చక్రం కట్టి ఆ గార్డ్‌ను లీక్ చేస్తే డిస్ట్రక్టర్ నడవదు, థ్రెడ్ మాత్రం పోయిన స్టాక్‌ను చదువుతూ ఉంటుంది. ఎవరో ఆ చిన్న ప్రోగ్రామ్ రాసి చూపించారు. అంతే, సౌకర్యాన్ని తీసేశారు. క్లోజర్ (అక్కడికక్కడే రాసుకునే ఫంక్షన్) లోపలే థ్రెడ్లన్నీ ముగిసే కొత్త రూపంలో అది తిరిగి వచ్చింది 2022 ఆగస్టులో, 1.63తో. అన్నేళ్లు ఆగినా రస్ట్‌కు నష్టం లేదు. తీసేయకుండా విడుదల చేసి ఉంటే, మెమరీ సేఫ్టీ హామీలో చిల్లు శాశ్వతంగా ఉండిపోయేది. ఆ రోజు వాదనను తేల్చింది అభిప్రాయం కాదు, ఒక చిన్న ప్రోగ్రామ్.

మీరూ అలా చేయండి. ఒక నిజమైన పని తీసుకోండి, మా లాగ్ కుదింపు లాంటిది అయినా సరే. డిఫర్‌తో ఒకసారి, డిస్ట్రక్టర్‌తో ఒకసారి, నేను చెప్పిన రెండు రకాల పద్ధతితో ఒకసారి కాగితం మీదే రాయండి. తర్వాత ఒకరి కోడ్‌ను ఒకరు తీసుకుని ప్రతి వరుస దగ్గరా డిస్క్ నిండిందనుకోండి, మెమరీ దొరకలేదనుకోండి, సంఖ్య పరిధి దాటిందనుకోండి. ఏ వరుస దగ్గర ఏం జరుగుతుందో రాసినవాళ్లను అడక్కుండా చెప్పగలిగారా? ఎక్కడ చెప్పలేకపోయారో ఆ వరుసలు లెక్కపెట్టుకోండి. మూడు వారాల వాదన కంటే ఒక మధ్యాహ్నం ఈ పని ఎక్కువ తేలుస్తుంది.

రాత గురించి పోట్లాడుకోవడం మాత్రం తగ్గించండి, ఒక్క మినహాయింపుతో. ఆపిల్ ఎస్ఎస్ఎల్ (నెట్ కనెక్షన్ భద్రత) కోడ్‌లో గోటూ ఫెయిల్ (ముగింపు దగ్గరికి దూకు) అనే వరుస పొరపాటున రెండుసార్లు పడిందని 2014లో బయటపడింది. ఇఫ్ కింద బ్రాకెట్లు లేవు కాబట్టి రెండోది షరతుతో సంబంధం లేకుండా ప్రతిసారీ నడిచింది, సంతకం పరీక్ష మొత్తం తప్పిపోయింది. గో, రస్ట్, స్విఫ్ట్‌లలో ఇఫ్ కింద బ్రాకెట్లు తప్పనిసరి. మీరూ అలాగే పెట్టండి. మిగతా రాత ఏదైనా వారంలో అలవాటైపోతుంది.

అసింక్ (ఎదురుచూసే పనిని ఆపి, ఈలోపు మిగతావి సాగించే పద్ధతి) మొదటి వెర్షన్‌లోనే ఉండాలా అని చివర్లో అడిగారు. వద్దు. రస్ట్‌లో అది స్థిరపడింది 2019 నవంబర్‌లో, 1.0 వచ్చిన నాలుగున్నరేళ్లకు. జిగ్‌లో ఒకప్పుడు ఉండేది, కొత్త కంపైలర్‌కు మారేటప్పుడు తీసేశారు. 1.0 ఇంకా ప్రకటించలేదు కాబట్టే అలా తీసేయగలిగారు. ఆగిపోయిన అసింక్ పనిని మధ్యలో రద్దు చేస్తే దాని చేతిలోని ఫైల్‌ను ఎవరు మూయాలన్నది మళ్లీ మీ మొదటి ప్రశ్నే. ఫైల్ మూసే నియమం ముందు తేల్చండి, ఆ మూడు ప్రోగ్రామ్‌లు రాశాక నాకు పంపండి, వరుస వరుసా చూసి చెబుతాను.